కాలవగట్టు రోడ్డు, అంబాసిడర్ కారు, రెండు రిలేలు

అంబాసిడర్ నడిపినవాళ్ళ ఎడమకాలికి రెండు పనులుండేవి. ఒకటి క్లచ్, రెండోది డిప్పర్. ఇప్పటి కార్లలో స్టీరింగ్ పక్కన వేలితో కదిపే పుల్ల ఉంటుంది కదా, పాత అంబాసిడర్లలో ఆ పని చేసేది నేలమీద క్లచ్ పెడల్‌కి ఎడమపక్కన ఉండే గుండ్రటి ఇనుప బొత్తాం. ఒకసారి తొక్కితే డిమ్, మళ్ళీ తొక్కితే బ్రైట్. ఎదురుగా లారీ కనిపించగానే మా నాన్నగారి పాదం తనంతట తనే పక్కకి జరిగేది. టక్కుమని ఒక చప్పుడు. వెనక సీట్లో అమ్మ ఒళ్ళో తలపెట్టుకుని నిద్రపోతున్నా నాకా చప్పుడు వినిపించేది.

ఆ బొత్తాం మీదుగానే హెడ్‌లైట్ల కరెంటంతా వెళ్తుందని, మా కారు చూపు మందగించడానికి సగం కారణం అదేనని తెలియడానికి మాకు చాలా ఏళ్ళు పట్టింది. తెలిశాక జరిగిన మరమ్మతు చిన్నదే. రెండు రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్‌లు), కొన్ని గజాల వైరు, కొన్ని ఫ్యూజులు. కానీ మా ఇంట్లో రాత్రి ప్రయాణాల లెక్కే మారిపోయింది.

మాది పశ్చిమగోదావరి జిల్లా, తణుకు దగ్గర ఒక పల్లెటూరు. నాన్నగారు టాక్సీ నడిపేవారు. 1970ల చివర్లో వచ్చిన మార్క్ 3, 1489 సీసీ పెట్రోలు ఇంజను. భీమవరంలో ఒక డాక్టరు గారు వాడిన కారు కొని, టాక్సీగా మార్పించారు. మనవాళ్ళ పెళ్ళిముహూర్తాలు అర్ధరాత్రో తెల్లవారుజామునో ఉంటాయి కాబట్టి టాక్సీకి అసలు పని రాత్రుళ్ళే. మాఘం, వైశాఖం, శ్రావణం వచ్చాయంటే నాన్నగారు పగలు పడుకుని రాత్రి మేలుకునేవారు. పెళ్ళికొడుకుని విడిదికి చేర్చాలి, తెల్లారకముందే అప్పగింతలైతే అమ్మాయిని అత్తారింటికి దింపాలి. మధ్యలో ఎవరింట్లోనైనా నొప్పులొస్తే తణుకు ఆస్పత్రికో ఏలూరుకో పరుగు.

మా వైపు రోడ్ల సంగతి తెలిసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా అంతా కాలవలు అల్లుకున్నాయి, ఆ కాలవగట్లే తర్వాత రోడ్లయ్యాయి. ఒకపక్క నిండు కాలవ, రెండోపక్క మనిషి లోతు కిందుగా వరిచేలు, మధ్యలో ఒక బస్సు పట్టేంత తారు. అడ్డుగోడ ఉండదు. కాలవ ఎటు వంపు తిరిగితే రోడ్డూ అటే. అత్తిలి వైపుగానీ పాలకొల్లు వైపుగానీ రాత్రిపూట వెళ్తుంటే ఎదురు బండి లైట్లు మలుపు తిరిగేదాకా కనిపించవు. పైగా దీపం లేని గడ్డిబండ్లు, దీపం లేని సైకిళ్ళు, రోడ్డు మధ్యలో తీరిగ్గా పడుకున్న గేదెలు. నల్లటి రోడ్డు మీద నల్లటి గేదె పడుకుంటే దగ్గరికెళ్ళేదాకా దాని కళ్ళు తప్ప ఏమీ ఆనవు. అది కళ్ళు మూసుకుంటే అవి కూడా లేవు.

అలాంటి దారిలో మా కారు లైట్లు ఎలా ఉండేవంటే, ముందు ఒక పది గజాల మేర పండిన నిమ్మకాయ రంగు వెలుతురు పరుచుకునేది, అంతే. అప్పట్లో వాటిలో ఉన్నవి 45/40 వాట్ల మామూలు బల్బులు. బ్రైట్‌కి నలభై అయిదు, డిమ్‌కి నలభై. ఆ రోజుల్లో చాలా బండ్ల హెడ్‌లైట్ల మధ్యలో ఎదుటివాళ్ళ కళ్ళలో పడకుండా నల్లరంగు చుక్క పెట్టేవారు. మా కారుకీ ఉండేది. ఉన్న కాస్త వెలుతురులో దాని వాటా కొంత పోయేది.

నాన్నగారు చూపుతో కంటే జ్ఞాపకంతో ఎక్కువ నడిపేవారని ఇప్పుడనిపిస్తుంది. ఫలానా లాకుల తర్వాత ఎడమకి తిరగాలి, ఫలానా రావిచెట్టు దాటాక గట్టు కోతపడి ఉంది, ఇలా ప్రతి దారీ ఆయనకి నోటికొచ్చు. తెలియని దారికి బేరం వస్తే మాత్రం అమ్మ ముఖంలో టెన్షన్ కనిపించేది. "పొద్దున్నే బయల్దేరతామని చెప్పొచ్చుగా" అనేది. ముహూర్తం పొద్దుటిదాకా ఆగదు కదా.

మొదట్లో తప్పంతా డైనమోదే అనుకున్నారు. కొంతవరకు అది నిజమే. పాత కార్లలో కరెంటు పుట్టించేది డైనమో. ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు అది బ్యాటరీకి ఇచ్చేది దాదాపు ఏమీ ఉండదు. రైల్వే గేటు దగ్గర ఆగితే డాష్‌బోర్డులో ఎర్రదీపం వెలిగేది, హెడ్‌లైట్లు సొమ్మసిల్లేవి. యాక్సిలరేటర్ తొక్కితే మళ్ళీ కొంచెం లేచేవి. వానాకాలంలో వైపరు, లైట్లు, హారను మూడూ కలిస్తే ఇక బ్యాటరీ దిగిపోవడమే. డైనమో, దాని కటౌటు (బ్యాటరీ కరెంటు డైనమోలోకి వెనక్కి పోకుండా ఆపే స్విచ్) బాగుచేయించీ చేయించీ విసిగిపోయి, ఒక ఏడాది ధైర్యం చేసి డైనమో తీసేయించి, ఇంజను నెమ్మదిగా తిరిగినా కరెంటు ఇచ్చే ఆల్టర్నేటర్ పెట్టించారు. ఎర్రదీపం బాధ పోయింది, తెల్లారేసరికి సెల్ఫ్ చక్కగా తిరిగేది. లైట్లు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. పదోవంతు మెరుగయ్యాయేమో, అంతే. అంత డబ్బు పెట్టాక కూడా రోడ్డు కనిపించడం లేదంటే ఆయనకెంత కష్టంగా ఉండి ఉంటుందో, ఆ వయసులో నాకు తెలియలేదు.

టాక్సీ స్టాండులో అందరూ ఇచ్చిన సలహా ఒకటే. బల్బులు మార్చేయ్, 100/90 వేసుకో. అప్పటికి హాలోజన్ బల్బులు తణుకు షాపుల్లోకి వచ్చాయి. మామూలు హాలోజన్ 60/55 వాట్లు. వాటి పక్కనే 100/90 కూడా అమ్మేవారు, దూరం లారీల వాళ్ళూ బస్సుల వాళ్ళూ ఎక్కువగా కొనేవారు. స్టాండులోనే ఒకాయన తన కారుకి నేరుగా పాత వైర్ల మీదే వాటిని వేయించారు. మొదటి వారం స్టాండంతా ఆ వెలుగు గురించే. ఒకరాత్రి పెంటపాడు దాటాక డాష్‌బోర్డు కింద నుంచి రబ్బరు కాలిన వాసన వచ్చి, ఉన్నట్టుండి రెండు లైట్లూ పోయాయి. అదృష్టం కొద్దీ కారు నెమ్మదిగా వెళ్తోంది. దిగి చూస్తే లైట్ల స్విచ్ వెనక వైర్ల తొడుగు కరిగి ఒకదానికొకటి అంటుకుపోయి ఉంది. ఆ సంగతి విన్నాక నాన్నగారు బల్బుల ఆలోచన మానుకుని, మేస్త్రీ గారి దగ్గరికి వెళ్ళారు.

మేస్త్రీ గారి షాపు తణుకులో హైవే పక్కన, లారీలు ఆగే చోట ఉండేది. రేకుల షెడ్డు, ముందు ఒక చెక్క బల్ల, గోడకి రంగురంగుల వైరు చుట్టలు. లారీల డైనమోలు, సెల్ఫ్ మోటార్లు విప్పి కిరసనాయిలులో నానబెట్టిన వాసన. ఆయన మా నాన్నగారికంటే పెద్దవారు, కుర్రతనంలో బెజవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకున్నారు. మాట తక్కువ. బండి వచ్చిన వెంటనే స్పానర్ పట్టుకోరు. ముందు బీడీ వెలిగించి, బండివాడు చెప్పేదంతా వింటారు. ఆయన దగ్గర ముల్లు తిరిగే మీటరు ఒకటుండేది, తోలు పెట్టెలో. ఆ చుట్టుపక్కల మిగతా ఎలక్ట్రీషియన్లందరూ టెస్ట్ ల్యాంపుతోనే పని కానిచ్చేవారు. వైరులో కరెంటు ఉందో లేదో టెస్ట్ ల్యాంపు చెబుతుంది. ఎంత ఉందో చెప్పదు. ఆ తేడా పట్టించుకున్న మనిషి కావడం వల్లే ఆయన దగ్గరికి దూరాభారాల నుంచి బండ్లు వచ్చేవి.

నేను హైస్కూల్లో ఉన్నాను అప్పుడు. వేసవి సెలవులు. నాన్నగారితో పాటు వెళ్ళి బల్ల మీద కూర్చున్నాను.

ఇంజను స్టార్ట్ చేయించి, లైట్లు వేయించి, మేస్త్రీ గారు మీటరు బ్యాటరీ దగ్గర పెట్టారు. పదమూడున్నర వోల్టుల పైన చూపించింది. ఆ తర్వాత ముందుకొచ్చి, హెడ్‌లైటు డూమ్ విప్పి, బల్బు హోల్డరు దగ్గర పెట్టారు. పదకొండు మీద కాస్త.

"చూశావా తమ్ముడూ, రెండు వోల్టుల పైన దారిలోనే పోతోంది."

"రెండు వోల్టులే కదా మేస్త్రీ గారూ?" అన్నారు నాన్నగారు.

ఆయన జవాబు చెప్పలేదు. ఒక లావుపాటి వైరు తీసుకుని, ఒక కొస బ్యాటరీ ప్లస్ మీద నొక్కి, రెండో కొస బల్బు బ్రైట్ పిన్నుకి తాకించారు. షెడ్డులో మధ్యాహ్నం వెలుతురు ఉంది. అంత వెలుతురులోనూ ఆ దీపం తెల్లగా, ఎదురుగా ఉన్న రేకు మీద గుండ్రంగా పడింది. వైరు తీసేస్తే మళ్ళీ పసుపు. పెడితే తెలుపు. అదే బల్బు, అదే బ్యాటరీ. నాన్నగారు బల్ల మీంచి లేచి వెళ్ళి రేకు దగ్గర నిలబడ్డారు.

తర్వాత మేస్త్రీ గారు చెప్పింది నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే అది మా ఊరి మాటల్లో చెప్పారు. "హెడ్డు దగ్గర కాలవ నిండుగానే ఉంటది. శివారు చేనుకి ఎందుకు రాదు? దారిలో పూడిక, గండ్లు, గుర్రపుడెక్క. మీ బల్బు శివారు చేను తమ్ముడూ. బల్బుదేం తప్పు లేదు, బ్యాటరీదేం తప్పు లేదు. కాలవ బాగుచేయాలి." మా పొలం శివారులోనే ఉండేది. నాన్నగారికి ఇక వేరే వివరణ అక్కర్లేకపోయింది.

ఆ కాలవ ఎంత పొడుగో అప్పుడే చూశాను. బ్యాటరీ నుంచి బయల్దేరిన కరెంటు ఇంజను గది దాటి, డాష్‌బోర్డు వెనక లైట్ల స్విచ్‌కి వెళ్తుంది. అక్కడి నుంచి నేలమీది డిప్పర్‌కి దిగుతుంది. డిప్పర్ నుంచి మళ్ళీ ముందుకొచ్చి, రేడియేటర్ పక్కన బుల్లెట్ కనెక్టర్ల (వైర్లని కలిపే గుచ్చుడు జాయింట్ల) మీదుగా రెండు బల్బులకీ చీలుతుంది. బల్బు దాటాక బాడీ ఇనుము మీదుగా తిరిగి బ్యాటరీకి చేరాలి. సన్నటి వైరు, పదిహేనేళ్ళ పాత కాంటాక్టులు, అడుగడుగునా కొంచెం కొంచెం నష్టం. అన్నిటికంటే ఎక్కువ పాడైనది డిప్పరే. కారణం చూడగానే తెలిసింది. వానాకాలంలో బురదకాళ్ళతో కారెక్కితే ఆ నీళ్ళు చేరేది సరిగ్గా అక్కడికే. మేస్త్రీ గారు నాన్నగారి చేయి పట్టుకుని ఆ బొత్తాం మీద పెట్టించారు. వెచ్చగా ఉంది. ఎనిమిది ఆంపియర్లు పారే చోట రెండు వోల్టులు పోతే పదహారు వాట్లు. ఆ పదహారు వాట్లూ వెలుగు కావాల్సింది పోయి, డిప్పర్‌లోనూ స్విచ్‌లోనూ వేడిగా మారుతున్నాయి.

రెండు వోల్టులకి అంత తేడా ఎందుకని నేను తర్వాత పాలిటెక్నిక్‌లో చదువుకున్నాను. ఫిలమెంటు బల్బు వెలుగు వోల్టేజీతో పాటు సమానంగా తగ్గదు, చాలా వేగంగా పడిపోతుంది. వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుగు ముప్పై శాతం దాకా తగ్గుతుంది. మా కారులో తగ్గింది పదిహేడు, పద్దెనిమిది శాతం. అంటే దాదాపు సగం వెలుగు బల్బుకి చేరకముందే పోయింది.

మందు రిలే. అది అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద నల్ల డబ్బా. లోపల ఒక తీగచుట్ట, ఒక కాంటాక్టు. తీగచుట్టకి సన్నటి కరెంటు అందితే అది అయస్కాంతమై కాంటాక్టుని లాగుతుంది, పెద్ద కరెంటు దారి తెరుచుకుంటుంది. చుట్ట తాగేది ఆంపియర్లో ఆరో వంతుకి మించదు. అంటే పాత స్విచ్, పాత డిప్పర్ ఇక మోయాల్సింది అంతే. అసలు బరువు ముప్పై, నలభై ఆంపియర్లు తట్టుకునే రిలే కాంటాక్టు మోస్తుంది. లాకుల దగ్గర మనిషి చిన్న చక్రం తిప్పితే పెద్ద తలుపు లేచినట్టు, అన్నారు మేస్త్రీ గారు తన కాలవ మాటనే కొనసాగిస్తూ.

పని మొదలుపెట్టాక ఆయన పెట్టిన మొదటి షరతు, పాత వైరు ఒక్కటి కూడా కొయ్యకూడదని. అంబాసిడర్ వైరింగ్ ఇంగ్లీషు కార్ల రంగుల పద్ధతిలో ఉంటుంది. నీలం మీద తెల్లగీత ఉన్నది బ్రైట్, నీలం మీద ఎర్రగీత ఉన్నది డిమ్, నల్లది ఎర్త్, అంటే కరెంటు బాడీ మీదుగా తిరిగి వెళ్ళే దారి. రేడియేటర్ పక్కన బుల్లెట్ కనెక్టర్లలోంచి నీలం తెలుపునీ నీలం ఎరుపునీ లాగి, ఒక్కొక్కటి ఒక్కో రిలేకి ఇచ్చారు. రిలే కింద పిన్నులకి అంకెలుంటాయి, అవి జర్మన్ ప్రమాణం ప్రకారం వేసినవి, ఏ కంపెనీ రిలే అయినా అవే. 86కి డిప్పర్ నుంచి వచ్చే పాత వైరు, 85కి ఎర్త్, 30కి బ్యాటరీ నుంచి లావు వైరు, 87 నుంచి బల్బుకి. ఆ నాలుగు అంకెలూ నేను నోట్‌బుక్కులో రాసుకున్నాను. నాకు ఎలక్ట్రికల్ మీద మనసు పడింది ఆ పేజీతోనే.

లావు వైరు స్టార్టర్ సొలినాయిడ్ బోల్టు నుంచి, అంటే బ్యాటరీ కేబుల్ వచ్చి చేరే చోటు నుంచి తీశారు. అక్కడికి జానెడు దూరంలోనే ఫ్యూజు. మా కారు తయారైనప్పుడు హెడ్‌లైట్లకి అసలు ఫ్యూజే లేదు. వైరు ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే కాలిపోవడమే. 100/90 వేయించిన స్టాండు ఆయన కారులో వైర్లు కరిగేదాకా వచ్చింది కూడా ఫ్యూజు లేకనే. మేస్త్రీ గారు ఒకే ఫ్యూజు పెట్టి ఊరుకోలేదు. రిలేల తర్వాత ఎడమ లైటుకి వేరుగా, కుడి లైటుకి వేరుగా పెట్టారు. "ఒక్క ఫ్యూజుకి రెండు లైట్లూ పోతే కాలవలో ఉంటావు" అన్నారు. ఇప్పటికీ చాలా రెడీమేడ్ కిట్లలో ఒకే ఫ్యూజు వస్తుంది. వాటిని చూసినప్పుడల్లా ఆ మాట గుర్తొస్తుంది. నేను వాటిని అలాగే పెట్టను.

ఎర్త్ విషయంలో ఆయన పట్టుదల ఇంకా ఎక్కువ. రెండు హెడ్‌లైట్ల నుంచీ కొత్త నల్ల వైర్లు లాగి, బాడీ మీద పెయింటు గీకి, ఇనుము తళతళలాడేదాకా ఎమరీ పేపరుతో రుద్ది, తింబుల్ (వైరు కొసకి తొడిగే లోహపు రింగు) వేసి బోల్టు బిగించి, పైన వేజలీన్ పూశారు. ఎర్త్ సరిగ్గా లేని లైటు చిత్రంగా ప్రవర్తిస్తుంది. కరెంటు తిరిగి వెళ్ళే దారి దొరక్క రెండో ఫిలమెంటులోంచీ పార్కింగ్ లైటులోంచీ దూరి వెళ్తుంది. అన్నీ గుడ్డిగా వెలుగుతాయి. జనం స్విచ్ మారుస్తారు, బల్బు మారుస్తారు, ఆ ఒక్క తుప్పు బోల్టు దగ్గరికి మాత్రం పోరు.

రిలేలని పిన్నులు కిందికి ఉండేలా బిగించారు, నీళ్ళు లోపల నిలవకుండా. అన్నీ అయ్యాక కొత్త బల్బులు, 60/55వే. నాన్నగారు 100/90 సంగతి అడిగితే తల అడ్డంగా ఊపారు. ఈ డూమ్ ఆ వేడికి చేసింది కాదు, రిఫ్లెక్టర్ మాడిపోతుంది, ఎదురొచ్చేవాడికి కళ్ళు పోతాయి అన్నారు. బల్బు గాజుని వేలితో ముట్టుకోకుండా కాగితంతో పట్టుకుని పెట్టారు. చేతి జిడ్డు అంటుకున్న చోట హాలోజన్ గాజు వేడెక్కి తొందరగా పోతుంది. చివరికి మీటరు. బ్యాటరీ దగ్గరకీ బల్బు దగ్గరకీ తేడా అరవోల్టు కూడా లేదు.

చీకటి పడ్డాక మమ్మల్ని రమ్మన్నారు. షాపు వెనక రైస్‌మిల్లు గోడ ఉంది. కారుని దానికి ఎదురుగా, ఇరవై అయిదు అడుగుల దూరంలో నిలబెట్టి, లైట్ల ఎత్తు కొలిచి గోడ మీద సుద్దతో గీత గీశారు. డిమ్ వెలుగు ఆ గీతకి కిందే పడాలి. స్క్రూలు తిప్పుతూ, వెనక్కి నడిచి చూస్తూ, మళ్ళీ తిప్పుతూ ఆ పనికి చాలాసేపు తీసుకున్నారు. వెలుగు పెరిగాక ఈ సర్దుబాటు ఇంకా ముఖ్యం. పసుపు దీపం వంకరగా ఉన్నా ఎదుటివాడికి పెద్ద ఇబ్బంది లేదు. ఇది అలా కాదు.

ఆ రాత్రి ఇంటికి కాలవగట్టు మీదే వచ్చాం. నాన్నగారు ఏమీ మాట్లాడలేదు. మామూలుగా నలభై మీద వెళ్ళే చోట కూడా స్పీడు పెంచలేదు. కానీ సీటులో ముందుకి వంగి నడిపే ఆయన వెనక్కి ఆనుకుని కూర్చున్నారు. గట్టు అంచున తుమ్మచెట్ల మొదళ్ళు, అవతలి గట్టు మీద కొంగలు కూడా కనిపిస్తున్నాయి. డిప్పర్ తొక్కినప్పుడల్లా కాలి కింద పాత టక్కు, వెంటనే బానెట్ కింద రిలే చిన్న క్లిక్కు. ఇంటికొచ్చాక అమ్మని కారెక్కించుకుని ఊరి చివర లాకుల దాకా తీసుకెళ్ళి చూపించారు. అమ్మ చూసి, "ఈ పని ముందే ఎందుకు చేయించలేదండీ" అంది.

1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద తుఫాను విరుచుకుపడింది. ఆ సంగతి గోదావరి జిల్లాల వాళ్ళు ఎవరూ మర్చిపోరు. వెయ్యిమందికి పైగా చనిపోయారు. మా ఊళ్ళో ఒకరి కూతుర్ని రావులపాలెం అవతల ఇచ్చారు. అటువైపు నుంచి ఏ కబురూ లేదు. దారి తెరుచుకుంటోందని తెలియగానే నాన్నగారు వాళ్ళని ఎక్కించుకుని చీకట్లోనే బయల్దేరారు. సిద్ధాంతం వంతెన మీద వశిష్ఠ గోదావరి దాటితే అవతల అంతా కారుచీకటి. స్తంభాలు పడిపోయాయి, ఒక్క ఇంట్లో దీపం లేదు. కొబ్బరిచెట్లు రోడ్డుకి అడ్డంగా పడితే జనం మధ్యలో కోసి దారి చేశారు. ఆ కోసిన మొద్దుల మధ్య నుంచి, తెగి వేలాడుతున్న కరెంటు వైర్ల పక్క నుంచి వెళ్ళాలి. వైరు రోడ్డు మీద పడి ఉంటే దూరం నుంచే కనిపించిందని, పాత లైట్లతో అయితే దాని మీదికి వెళ్ళిపోయేవాళ్ళమని నాన్నగారు తర్వాత చెప్పారు. ఆ అమ్మాయి కుటుంబం క్షేమంగా ఉంది. తిరిగొచ్చిన రోజున ఆయన స్నానం కూడా చేయకుండా తణుకు వెళ్ళి మేస్త్రీ గారిని కలిసి వచ్చారు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు.

ఆ రిలేలు చాలాకాలం పనిచేశాయి. ఒకసారి డిమ్ రిలే కాంటాక్టు మాడి రాత్రిపూట డిమ్ పోతే, నాన్నగారు బ్రైట్ రిలే పీకి దాని స్థానంలో పెట్టుకుని ఇల్లు చేరారు. రెండూ ఒకే రకం కావడంలోని సుఖం అది. అప్పటి నుంచి డాష్‌బోర్డు అరలో ఒక స్పేర్ రిలే ఉండేది, వినాయకుడి బొమ్మ వెనక.

టాక్సీగా దాని రోజులు తర్వాత ముగిశాయి. ఇండికాలు వచ్చాయి, హైవే నాలుగు లైన్లయింది, 5వ నంబరు జాతీయ రహదారి 16 అయింది. 2014 మేలో ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ కూడా ఆగిపోయింది. మా కారు పెరట్లో తాటాకుల పాక కింద ఉండిపోయింది. ఉద్యోగం స్థిరపడ్డాక దాన్ని హైదరాబాద్ తెచ్చుకుని, సెలవు రోజుల్లో నేనే వైరింగ్ మొత్తం కొత్తగా చేశాను. పాత గుడ్డ చుట్టిన వైర్లు ముట్టుకుంటే పొడిరాలుతున్నాయి. మేస్త్రీ గారు వేసిన భాగం మాత్రం తీస్తుంటే గట్టిగా ఉంది. తింబుల్స్‌కి ఆయన టంకం పెట్టి స్లీవ్ తొడిగిన చోట రాగి ఇంకా ఎర్రగా మెరుస్తోంది. నేను వేసింది 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, మూత ఉన్న ఫ్యూజు బాక్సు, నీళ్ళు చొరని రిలే సాకెట్లు. కనెక్షన్ మాత్రం ఆయన వేసినదే, వైరు వైరుకీ. దానికంటే బాగా వేయడానికి నాకేమీ కనిపించలేదు.

స్నేహితులు ఎల్‌ఈడీ బల్బులు పెట్టేయమంటారు, కరెంటు తక్కువ తాగుతాయి కాబట్టి రిలే గొడవే ఉండదని. నేను ఒప్పుకోను. హాలోజన్ ఫిలమెంటు ఉండే చోటుని లెక్కపెట్టుకుని ఆ రిఫ్లెక్టర్ ఒంపు, ఆ అద్దం మీది గీతలు తయారు చేశారు. దానిలో వేరే ఆకారం దీపం పెడితే వెలుగు ఎటుపడితే అటు చెదిరి, ఎదురొచ్చే స్కూటరు మనిషి కళ్ళలో పడుతుంది. లారీల వెనక "డిప్పర్ ఎట్ నైట్" అని రాసుకుని తిరిగిన దేశం మనది. ఎదుటివాడి చూపు కూడా మన బాధ్యతే. కాలవగట్టు మీద అది ప్రాణాలకి సంబంధించిన సంగతి. 60/55 బల్బుకి పూర్తి వోల్టేజీ అందితే చాలు, ఏ రోడ్డుకైనా సరిపోతుంది. ఒకటే జాగ్రత్త, రిలేలు పెట్టే ముందు ఆల్టర్నేటర్ వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ చూసుకోవాలి. పద్నాలుగున్నర వోల్టులు దాటుతుంటే ముందు అది బాగుచేయాలి. దారి బాగుపడితే ఆ అదనపు వోల్టేజీ కూడా నేరుగా బల్బుకే పోయి దాని ఆయుష్షు తగ్గిస్తుంది.

నాన్నగారికి ఇప్పుడు కళ్ళకి ఆపరేషన్లు అయ్యాయి, రాత్రిపూట నడపరు. పక్క సీట్లో కూర్చుని లైట్లు చూసి, ఎడమది కొంచెం పైకి ఉందిరా అంటారు. గోడ దగ్గర పెట్టి కొలిస్తే నిజమే. సుద్దగీత మళ్ళీ గీసి సరిచేశాను. ఈసారి హారను. అదీ పాత పద్ధతిలోనే ఉంది, రెండు హారన్ల కరెంటూ స్టీరింగ్ బొత్తాం మీదుగానే పోతోంది, నొక్కితే ఒకటి మోగి ఒకటి మూలుగుతోంది. రిలే కొని ఉంచాను, వైరు కూడా తెచ్చాను. సంక్రాంతికి ఊరెళ్ళేలోపు అది పూర్తి చేయాలి.